తెల్లగీత మీద పడని అడుగు

సీసా నా చిటికెన వేలంత కూడా లేదు. సగం ఖాళీ. పైన కాగితం లేదు, పేరు లేదు. రబ్బరు మూత మీద సూది గుచ్చిన చుక్కలు మాత్రం మూడు ఉన్నాయి. దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని సరిగ్గా నా ముక్కు కింద పెట్టి, ప్రూయిట్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"టెస్టోస్టిరాన్," అన్నాడు. "పరీక్ష పట్టీ ముంచి చూశాం. కండలు పెంచే మందు. పేరు రాసుకుంటావా, పెన్ను ఇవ్వనా బ్లూ?"

బ్లూ అంటే నేనే. పదకొండేళ్ళు బేస్‌బాల్ చిన్న లీగుల్లో అంపైరింగ్ చేశాను. అంపైర్ చొక్కా నీలం కాబట్టి ఈ ఆటలో అంపైర్లందరికీ అదే పేరు, మానేసినా వదలదు. అసలు పేరు విల్లా డ్రోబ్నీ. ఇప్పుడు ఆటగాళ్ళ సంఘం తరఫున పరిశోధనలు చేస్తున్నాను. వారెన్ ప్రూయిట్ లీగ్ భద్రతాధికారి, ఒకప్పటి పోలీసు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చోవడం ఇది ఐదోసారి. ముందు నాలుగింట్లో మూడు నేనే గెలిచాను. ఆ లెక్క వాడికీ గుర్తుంది, అందుకే ఇవాళ ఆ నవ్వు.

"ఎక్కడ దొరికింది?"

"ఎస్మెర్లిన్ తవారెస్ లాకర్లో. పై అరలో పాత గ్లవ్, దాని వేళ్ళలో, సాక్సులో చుట్టి. పది గంటలకి సోదా చేశాం. ముందు నువ్వు గడియారం చూడు."

పది నలభై. ఆట ఒంటిగంటా ఐదుకి. సీజన్‌లో ఇదే ఆఖరి ఆట. టెల్‌ఫోర్డ్ బ్రిక్‌మెన్ జట్టుకి ఈ ఏడు పోటీలో ఏమీ మిగల్లేదు, అయినా స్టేడియంలో ఒక్క సీటు కూడా దొరకడం లేదు. కారణం తవారెస్. ఈ సీజన్‌లో యాభై ఏడు హోమ్‌రన్లు కొట్టాడు. ఆర్విడ్ లిండ్‌క్విస్ట్ 1973లో కొట్టినవీ యాభై ఏడే. ఈ యాభై ఏళ్ళలో ఆ అంకె దాకా వచ్చినవాడు ఇంకొకడు లేడు. ఇవాళ ఇంకొక్క బంతిని స్టాండ్స్‌లోకి పంపితే రికార్డు కుర్రాడిది. ఆడకపోతే అంతే సంగతులు.

"మూత్రం శాంపిల్ పొద్దునే తీసుకున్నాం," అన్నాడు ప్రూయిట్. "ఫలితం పది రోజులకి వస్తుంది. ఈలోపు సీసా దొరికింది కాబట్టి వాడు బెంచీ మీద కూర్చుంటాడు. పన్నెండూ యాభైకి నేను కాగితం మీద సంతకం పెడతాను. అప్పటిదాకా నీ ఇష్టం. కథ అల్లుకో."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఫోన్ వచ్చింది. తొమ్మిదీ ఇరవైకి. పేరు చెప్పలేదు. మగ గొంతు. పదకొండు సెకన్లు."

"మాట మాటా చెప్పు. వాడు ఏమన్నాడో అదే."

ప్రూయిట్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఇందులో మాత్రం వాణ్ణి మెచ్చుకోవాలి, అన్నీ రాసుకుంటాడు. "'తవారెస్ పై అరలో ఉన్న పాత గ్లవ్‌లో చెయ్యి పెట్టి చూడండి.' అంతే, పెట్టేశాడు."

"గ్లవ్ అన్నాడా? లాకర్ అని కాదు?"

"గ్లవ్."

"అంటే వాడు ఆ గ్లవ్‌లో చెయ్యి పెట్టాడు వారెన్. తొమ్మిదీ ఇరవైకి ముందే పెట్టాడు. మరి ఆ గదిలోకి ఎవడెవడు వెళ్ళాడు?"

"గదికి ఒకటే తలుపు, ఒకటే కెమెరా. రాత్రి పదకొండూ పావుకి తవారెస్ అందరికంటే ఆఖర్న వెళ్ళాడు. తాళం పడింది. పొద్దున ఎనిమిదికి బట్టలవాళ్ళు ఇద్దరు తాళం తీసి, ఉతికినవి పెట్టేసి, ఎనిమిదిన్నరకి బయటికొచ్చారు. తొమ్మిదిన్నర దాకా ఈగ కూడా లోపలికి పోలేదు. ఇక నీ ఫోనోడు గాల్లోంచి ఊడిపడ్డాడా?"

"గాల్లోంచి కాదు," అన్నాను. "ఆ గదికి రెండో దారుంది. ఆటగాళ్ళు రోజూ నడిచేదే, నీలాంటి వాళ్ళకి అది దారిలా కనపడదు."

వాడి నవ్వు కొంచెం తగ్గింది. నాకు హాయిగా అనిపించింది.

ముందు కుర్రాడితో మాట్లాడాలి. తవారెస్ ఫిజియో గదిలో బల్ల మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏడేళ్ళు, చేతులు తాటి దూలాల్లా ఉంటాయి, మొహం మాత్రం ఇంకా స్కూలు పిల్లాడిదే. ఒళ్ళో స్టీలు డబ్బా. వాళ్ళమ్మ మొదటిసారి విమానమెక్కి వాళ్ళ ఊరు సాన్ పెడ్రో నుంచి వచ్చింది, పొద్దునే లేచి అరటికాయ ముద్ద చేసి పంపింది. ఒక్క ముద్ద కూడా తిన్నట్టు లేదు.

"బ్లూ! నిన్ను పంపారా? ఇంక నేను ఔటే. రెండేళ్ళ కిందట నువ్వు నన్ను మూడో స్ట్రైక్ మీద పంపేశావ్, అది బయటి బంతి."

"లోపలి బంతే. ఈ సీసా నీదేనా?"

"కాదు."

"ఒట్టు వెయ్యి."

"ఒట్టు వేస్తే నమ్ముతావా? అంపైర్లు కన్నతల్లిని కూడా నమ్మరు." నవ్వాడు, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఆ పాత గ్లవ్ ఎప్పుడు ముట్టుకున్నావ్?"

"వారం... పది రోజులు. తెలీదు. అది చిరిగిపోయింది, మా నాన్న కొన్నాడని పారెయ్యలేదు."

"ఇవాళ ఎన్నింటికొచ్చావ్?"

"తొమ్మిదీ యాభై. వాళ్ళు పదికల్లా వచ్చి లాకర్ దగ్గర నిలబడ్డారు, ఇంకా బూట్లు కూడా విప్పలేదు నేను." డబ్బా మూత పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. "బ్లూ, అమ్మ మూడో బేస్ వెనకాల కూర్చుంటుంది. ఇవాళ నేను దిగకపోతే ఆమెకి ఏమని చెప్పను? ఇవాళ ఒక్కరోజు. ఆడనివ్వమను. తర్వాత ఏం చేసుకుంటారో చేసుకోమను."

"నువ్వు ఆడతావ్," అన్నాను. అంత గట్టిగా ఎందుకన్నానో తెలీదు. అప్పటికి నా తలకాయలో ఉన్నది ఒక్కటే మాట, పదకొండు సెకన్ల ఫోనులోని 'గ్లవ్' అన్న మాట.

పదకొండూ పదికి లాకర్ల గదిలోంచి రెండో దారిన బయటపడ్డాను. అది చిన్న సొరంగం. లాకర్ల వెనక మొదలై, మూడో బేస్ పక్కన ఆటగాళ్ళు కూర్చునే బెంచీల దగ్గర తేలుతుంది. దాని చివర తలుపుకి రాత్రి తాళం వేస్తారు, పొద్దున ఎనిమిది నుంచి తీసే ఉంటుంది, మైదానం పనివాళ్ళు కాఫీ కోసం అటూ ఇటూ తిరుగుతారు కాబట్టి. కెమెరా లేదు. అడిగేవాడు లేడు.

మెట్లెక్కి పైకి రాగానే తిట్లు వినపడ్డాయి.

"ఏ దరిద్రుడు తొక్కాడ్రా నా మట్టిని! కళ్ళు కనపళ్ళేదా!"

కార్డెల్ మెబేన్. ఈ మైదానం చూసుకోబట్టి ముప్పై ఆరేళ్ళు. చేతిలో ఇనప పలక, మట్టి మీద లాగి చదును చేసేది.

"కార్డెల్, ఆగు! ఆ పలక కింద పెట్టు! ఒక్క అంగుళం కూడా లాగకు!"

"ఏం తల్లీ, నా పని నేను చేసుకోకూడదా? రెండున్నర గంటల నుంచీ ఇటు రానివ్వలేదు నన్ను, ఆ బ్యాండువాళ్ళ కుర్చీలు వెయ్యమని. తీరా వస్తే ఈ చెత్త."

"నీళ్ళు ఎన్నింటికి కొట్టావ్?"

"ఎనిమిదిన్నరకి సున్నం గీతలు వేశాను. ఆటకి ముందు రికార్డు సభ ఉందిగా, అందుకని తొందరగా వేశాను. ఎనిమిదీ నలభైకి నీళ్ళు కొట్టడం అయిపోయింది. ఇవాళ ప్రాక్టీసు లేదు. రాత్రి ఆట ఆడి ఆదివారం పగలు మళ్ళీ ఆడాలంటే వాళ్ళు లేటుగా వస్తారు. మట్టి ముట్టుకునేవాడు ఉండడనుకున్నా."

"ఎన్నింటికి గట్టిపడుతుంది?"

"ఈ ఎండకి తొమ్మిదీ పావు. తర్వాత ఏనుగు నడిచినా అచ్చు పడదు."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎర్రమట్టి, అరచెయ్యంత స్పష్టంగా అడుగులు. కుడివైపు దూరంగా బండ్లు వచ్చే గేటుంది, అక్కడి నుంచి పచ్చిక మీద నడిచొచ్చినట్టున్నాడు. పచ్చికలో జాడ లేదు. పచ్చిక అయిపోయి మట్టి మొదలైన చోట అడుగులు మొదలయ్యాయి, నేరుగా మూడో బేస్ గీత మీదుగా బెంచీల వైపు పోయాయి. వాటి పక్కనే తిరిగొచ్చిన అడుగులు. పోయినవి లోతుగా, వచ్చినవి పైపైన. అంటే మధ్యలో మట్టి కొంచెం ఆరింది. ఓ పావుగంట. మేకుల బూట్లు కావు, నున్నటి తోలు అడుగున్న బూట్లు, పెళ్ళికో చర్చికో వేసుకునేవి. కుడిపక్కన ప్రతి రెండడుగులకీ ఒక గుండ్రటి చుక్క.

చేతికర్ర.

"దొరికాడా నీ గాలిమనిషి?" వెనక నుంచి ప్రూయిట్. కాఫీ కప్పుతో బెంచీల దగ్గర నిలబడ్డాడు, ఎప్పుడొచ్చాడో. "అడుగులు! అబ్బో! మైదానంలో అడుగులు! పనివాడెవడో నడిచుంటాడు. ఎవడో పెద్దమనిషి, టికెట్టు కొన్నవాడు, ఫోటో తీసుకుందామని వచ్చుంటాడు. ఇది చూపించి సంతకం ఆపుతావా?"

"వారెన్, ఇటురా. నా పక్కకి. ఒక చోద్యం చూపిస్తా."

"ఏంటి?"

"రావయ్యా బాబూ. భయమా?"

వాడు మెట్లెక్కి, కప్పు పట్టుకుని, తిన్నగా నడిచొచ్చాడు. నాలుగో అడుగు గీత మీదే వేశాడు. తెల్లసున్నం మీద వాడి బూటు గుర్తు మొత్తం పడింది.

కార్డెల్ తల పట్టుకున్నాడు. "అయ్యో! సీజన్ ఆఖరి రోజు గీత తొక్కాడు! ఈయన్ని ఎవరు రానిచ్చారు తల్లీ?"

"చూడు వారెన్. నీ కాళ్ళు చూసుకో. ఆ గీత నీకు కనపడనే లేదు. పనివాళ్ళయినా, టికెట్టు కొన్న పెద్దమనుషులయినా నీలాగే నడుస్తారు. ఇప్పుడు వాడి అడుగులు చూడు. ఇక్కడిదాకా అడుగుకీ అడుగుకీ మూరెడు దూరం. గీత దగ్గరికొచ్చేసరికి అడుగులు పొట్టిపొట్టిగా అయిపోయాయి, ఒకటి, రెండు, మూడు. చేతికర్ర చుక్క మిగతావాటికి రెండింతలు లోతు. ఎందుకంటే దాని మీద బరువంతా వేసి గీత మీంచి గెంతాడు. అవతల పడ్డ ఎడమకాలు చూడు, మడమ జారింది. పడిపోబోయాడు. అయినా తొక్కలేదు. వచ్చేటప్పుడు కూడా తొక్కలేదు."

ప్రూయిట్ వంగి ఆ మడమ గుర్తు చూశాడు.

"గీత తొక్కితే బ్యాటు పలకదని ఈ ఆట ఆడే ప్రతివాడికీ నమ్మకం. ఏడేళ్ళప్పుడు పడుతుంది ఆ అలవాటు, చచ్చేదాకా పోదు. దొంగతనానికి వచ్చినా, కాలు లేవకపోయినా, కాలే గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి వీడు ఆటగాడు. కర్ర పట్టుకున్నాడు కాబట్టి ముసలివాడు. తోలుబూట్లు వేసుకున్నాడు కాబట్టి ఇవాళ సభకి తయారై వచ్చినవాడు. సభకి పిలిచిన పాత ఆటగాళ్ళు ఎంతమంది కార్డెల్?"

కార్డెల్ టోపీ తీసేశాడు.

"ఒక్కరే తల్లీ. డీకన్ గారు."

"పిచ్చెక్కిందా నీకు?" ప్రూయిట్ గొంతు లేచింది. "లిండ్‌క్విస్ట్? బయట విగ్రహం ఉంది ఆయనకి! మా నాన్న ఆయన ఫోటో మంచం పక్కన పెట్టుకునేవాడు! సిగరెట్టు ముట్టలేదు, బీరు ముట్టలేదు, ఆదివారం చర్చి మానలేదు, అందుకే చర్చి పెద్దలా డీకన్ అని పేరు పెట్టారు. ఆయన మీద నువ్వు ఇలాంటి మాట బయట అంటే రేపటి నుంచి నీకు ఈ ఊళ్ళో కాఫీ కూడా పొయ్యరు."

"కాఫీ ఇంట్లో పెట్టుకుంటాను. గీత మీద నీ బూటు గుర్తు చెరిపించుకుని పో, జట్టుకి మంచిది కాదు."

పన్నెండూ ఐదు. అతిథుల గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. బూడిదరంగు సూటు, మోకాళ్ళ మధ్య చేతికర్ర, దాని మీద రెండు చేతులూ. డెబ్బై ఏడేళ్ళు. ఆ భుజాలు ఇంకా తలుపంత వెడల్పున్నాయి. ఎదురుగా టీవీలో తన పాత ఆటే వేస్తున్నారు, చప్పుడు లేకుండా. ఆయన చూడటం లేదు.

నేను బూట్లే చూశాను. నల్లగా మెరిసిపోతున్నాయి. అంచు కుట్టు మీద మాత్రం ఎర్రమట్టి.

"డీకన్ గారూ, నేను విల్లా డ్రోబ్నీ. సంఘం తరఫున వచ్చాను. పొద్దున ఎనిమిదీ నలభై తర్వాత బండ్ల గేటు నుంచి వచ్చి, మూడో బేస్ గీత దాటి, సొరంగంలోంచి లాకర్ల గదిలోకి వెళ్ళారు. పావుగంటలో తిరిగొచ్చారు. తొమ్మిదీ ఇరవైకి ఫోన్ చేశారు. తప్పయితే చెప్పండి."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అంపైరువి కదూ."

"అవునండీ. ఒకప్పుడు."

"అంపైర్లు ఇలాగే మాట్లాడతారు. వాళ్ళకి అనుమానమే ఉండదు." కర్ర పక్కన పెట్టాడు. "తప్పేం లేదు అమ్మాయ్. అన్నీ కరెక్టే."

ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. లోపల ఎగిరి గంతేశాను. పైకి మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఎందుకు?"

"ఆ అంకె ఒక్కటే మిగిలింది నాకు. ఆవిడ పోయింది. మోకాళ్ళు పోయాయి. వీధిలో పిల్లలకి నా పేరు తెలీదు, కానీ యాభై ఏడు అంటే తెలుసు. ఇవాళ నా చేతులతోనే వాడికి బ్యాటు బహుమతి ఇచ్చి, చప్పట్లు కొట్టి ఇంటికి పొమ్మన్నారు." కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మందు కొట్టాడని అందరూ గుసగుసలాడుతున్నారు వాడి గురించి. నేనూ అదే అనుకున్నాను. ఎలాగూ కొట్టి ఉంటాడు, పట్టుబడేలా చేస్తే తప్పేంటి అనుకున్నాను. నీకొకటి చెప్పనా? డెబ్బై మూడులో మా గదిలో రెండు కాఫీ పాత్రలుండేవి. ఒకదాని పిడికి ఎర్రదారం కట్టి ఉండేది."

"ఎందుకు?"

"అందులో మాత్రలు కరిగించేవాళ్ళు. నిద్ర రాకుండా, ఒంట్లో నిప్పు పుట్టేలా చేసే మాత్రలు. కొత్తగా జట్టులోకి ఎవడొచ్చినా మొదట అడిగేది అదే, నీకు దారం కాఫీయా, ఉత్త కాఫీయా అని. నూట అరవై ఆటలు అమ్మాయ్, బస్సులు, విమానాలు. జూలై వచ్చేసరికి బ్యాటు లేవదు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఒక్కరోజు కూడా ఉత్త కాఫీ తాగలేదు నేను. సిగరెట్టు తాగడని రాశారు, బీరు తాగడని రాశారు. కాఫీ తాగుతానని ఎవడూ రాయలేదు."

టీవీలో ఆయన కొట్టిన బంతి నిశ్శబ్దంగా ఎగిరిపోతోంది. ఆయన అప్పుడు ఒక్కసారి చూశాడు, చూసి మొహం తిప్పుకున్నాడు.

"సరే," అన్నాను. "సీసా మీకెక్కడిది?"

"డాక్టరు రాసిచ్చాడు. ముసలితనానికి. నా వయసులో సగంమంది వాడుతున్నారట, నెలకొకటి."

"దాని మీద కాగితం చించేసి గ్లవ్‌లో పెట్టారు. ప్రూయిట్‌కి ఈ ముక్క చెప్పండి చాలు. తవారెస్ ఆడతాడు. పదండి."

నేను లేచాను. ఆయన లేవలేదు. కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి, బయటికి తీసి, నా అరచేతిలో ఏదో పెట్టాడు.

సీసా. నిండుగా ఉంది. అల్యూమినియం మూత ఊడలేదు. పైన కాగితం మీద మందుల షాపు పేరు, శుక్రవారం తారీఖు, ఆర్విడ్ లిండ్‌క్విస్ట్ అని అచ్చు.

"పెట్టడానికే వెళ్ళాను," అన్నాడు. "మందు దాచుకునేవాడెవడైనా పాత గ్లవ్‌లోనే దాస్తాడు, మేమూ అక్కడే దాచేవాళ్ళం. అందుకే నేరుగా దాన్నే తీశాను. వేళ్ళు లోపల పెట్టగానే తగిలింది. సాక్సులో చుట్టి ఉంది. విప్పి చూశాను. నాది పెట్టాల్సిన అవసరమే లేకపోయింది అమ్మాయ్. అప్పటికే ఒకటి ఉంది."

సీసాని పిడికిట్లో బిగించాను.

ఇంకెవడైనా పెట్టి ఉండొచ్చా? నన్ను నేను అడుక్కున్నాను, వేగంగా. రాత్రి పదకొండూ పావుకి ఆఖర్న బయటికొచ్చింది తవారెస్. తాళం. సొరంగం చివర తలుపుకీ రాత్రంతా తాళమే. పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా బట్టలవాళ్ళు, ఇద్దరూ ఒకరి కళ్ళ ముందు ఒకరు. ఎనిమిదిన్నరకి గీతలు వేస్తూ కార్డెల్ సొరంగం ముందే ఉన్నాడు. తర్వాత తడిమట్టి. దాని మీద నడిచింది ఒక్క మనిషే. ఆ సంగతి ప్రూయిట్ ముందు, కార్డెల్ ముందు, గొంతు చించుకుని నిరూపించింది నేనే.

"నువ్వు చెప్పినట్టే చెబుతాను," అన్నాడు ఆయన హఠాత్తుగా. "గ్లవ్‌లో సీసా నాదేనని. కాగితం చించేశానని. కుర్రాణ్ణి ఆడనీ."

"అది అబద్ధం డీకన్ గారూ."

"డెబ్బై మూడులో నా లాకర్ ఎవడూ సోదా చెయ్యలేదు. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ ఇక్కడ కూర్చుని అదే ఆలోచిస్తున్నాను. వాడికీ నాకూ తేడా ఏంటంటే, వాడి మీద ఫోన్ చేసే ముసలోడు ఒకడున్నాడు. అంతే."

"మీరిక్కడే ఉండండి. ఎవరితోనూ ఏమీ అనొద్దు. ఐదు నిమిషాల్లో వస్తాను."

పన్నెండూ ముప్పై రెండు. పరిగెత్తాను. సీసా నా పిడికిట్లోనే ఉంది.

తవారెస్ అప్పటికే యూనిఫాం వేసుకుని బల్ల మీద కూర్చున్నాడు, బూట్ల తాళ్ళు కడుతున్నాడు. నన్ను చూసి మొహం వెలిగింది. "దొరికాడంటగా! కార్డెల్ చెప్పాడు. ఎవరో ముసలాయన అని—"

"మూత మీద మూడు చుక్కలున్నాయి," అన్నాను. "ఒక్కో చుక్క ఎప్పుడు?"

వాడి చేతుల్లో తాడు ఆగిపోయింది.

"బ్లూ..."

"నాకు టైం లేదు. ఎప్పుడు?"

నేల చూశాడు. చెప్పినప్పుడు గొంతు స్కూలు పిల్లాడిలాగే ఉంది. "ఆగస్టులో మణికట్టు వాచింది. బ్యాటు పట్టుకుంటే ఏడుపొచ్చేది. అప్పటికి నలభై ఒకటి. ఆగిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుంది ఇలాంటి ఏడాది? మా ఊళ్ళో ఒకడు పంపించాడు. మూడుసార్లు. మూడే. మిగతాది పారేద్దామనే అనుకున్నాను, కానీ..." తలెత్తాడు. "నలభై ఒకటి నావే బ్లూ. అవి నావే."

నేనేదో అనబోయాను. ఏమనబోయానో నాకిప్పటికీ గుర్తులేదు, ఎందుకంటే అప్పుడే గోడలోని స్పీకరు గరగరమంది. సభ పన్నెండూ నలభైకి. గడియారం చూశాను. సరిగ్గా నలభై.

"నా పేరు ఆర్విడ్ లిండ్‌క్విస్ట్," అంది స్పీకరు. పైన నలభై వేలమంది ఒక్కసారి లేచిన చప్పుడు సీలింగు మీద ఉరుములా దొర్లింది. ఆయన వాళ్ళు ఆగేదాకా ఆగాడు. "చప్పట్లు కొట్టకండి. ముందు వినండి. ఇవాళ పొద్దున ఈ కుర్రాడి లాకర్లో ఒక మందు సీసా దొరికింది. అది నాది. నేనే పెట్టాను. నా రికార్డు పోతుందని పెట్టాను. వాడు ఏ పాపమూ ఎరగడు. వాణ్ణి ఆడనివ్వండి."

ఎక్కడో ఒకడు ఛీ అన్నాడు. ఆ వెంటనే వందమంది. ఆ వెంటనే అందరూ. యాభై ఏళ్ళు ఆ మనిషిని భుజాల మీద మోసిన ఊరు, గొంతు చించుకుని అరుస్తోంది.

తవారెస్ స్పీకరు కేసి చూస్తున్నాడు, నోరు తెరుచుకుని. "ఎందుకలా అన్నాడు?" అన్నాడు మెల్లగా. "అది ఆయనది కాదుగా."

తలుపు తెరుచుకుంది. ప్రూయిట్. మొహం పాలిపోయి ఉంది. ఒక చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం, నిలువునా రెండుగా చింపేసి ఉంది. ఇంకో చేతిలోని సీసా సంచిని బల్ల మీద పడేశాడు.

"విన్నావుగా," అన్నాడు. "అడుగులు, గీత, చేతికర్ర... అన్నీ నువ్వు చెప్పినట్టే. మా నాన్న బతికిలేడు, అదే నయం." కుర్రాడి వైపు తిరిగాడు. "తవారెస్, పైకి పో. నాలుగో నంబరులో బ్యాటింగ్. నీకు క్షమాపణ చెప్పాలి నేను, ఆట అయ్యాక చెబుతాను. నువ్వు గెలిచావ్ బ్లూ. ఐదింట్లో నాలుగు."

తవారెస్ లేచాడు. బ్యాటు తీసుకున్నాడు. నా పక్కనించి వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు, నా మొహంలోకి చూడలేదు. వాడి భుజం తలుపుకి తగిలింది. సొరంగంలో మేకుల బూట్ల చప్పుడు దూరమవుతోంది.

పైన ముసలాయన మీద అరుపులు ఆగలేదు. ఏదో విసిరినట్టున్నారు, పనివాళ్ళు ఆపండి ఆపండి అంటున్నారు.

"ఏంటది?" అన్నాడు ప్రూయిట్.

"ఏది?"

"నీ చేతిలో. గట్టిగా పట్టుకున్నావ్, వేళ్ళు తెల్లబడిపోయాయి."

కుడిచెయ్యి చూసుకున్నాను. ఒంటిగంటకి ఇంకా పదహారు నిమిషాలుంది. ఇవాళ ఆడేవాళ్ళ పేర్ల కాగితం ఇంకా అంపైరు చేతికి వెళ్ళలేదు. సొరంగం చివర బూట్ల చప్పుడు మెట్లెక్కింది, ఆ అరుపులు ఒక్కసారిగా మారిపోయాయి, నలభై వేలమంది తవారెస్ పేరు పిలుస్తున్నారు. వాళ్ళలో వాళ్ళమ్మ కూడా ఉంటుంది.

"తలుపు వెయ్యి వారెన్," అన్నాను. "ఆ కాగితం ఇంకోటి రాయాలి నువ్వు."

పిడికిలి విప్పి, మూత ఊడని సీసాని వాడి సంచి పక్కన, పేరు పైకి కనపడేలా, బల్ల మీద పెట్టాను.